గుటక సోలో, మా పెద్దనాయన చిడతలు

ఇరవై దాటీ దాటని ఆ రోజుల్లో మాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షలకు చదువుతున్నవాళ్ళం కదా, ఆఫ్రికాలో ఏ నది ఏ సముద్రంలో కలుస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్ళం (లేపడమే కష్టం). కానీ రోజూ చాయ్‌కి పోయే దారిలో, నారాయణగూడ వైపున్న ఆ పాత రాతి చర్చి లోపల మనుషులు కూర్చుని పాడతారో, నిలబడి పాడతారో, పాట మధ్యలో దగ్గొస్తే ఏం చేస్తారో మా ముగ్గురిలో ఇద్దరికి తెలియదు. సిలబస్‌లో లేదు మరి.

ఈ లోటు నాకంటే ఎక్కువగా పీడించింది మా సందేహాన్ని. సందేహం అంటే మనిషే. తాతల కాలంలోనే గోదావరి జిల్లా నుంచి వచ్చి అశోక్‌నగర్‌లో స్థిరపడ్డ ఇంటి కుర్రాడు. యాసా పోలేదు, ప్రశ్నలూ పోలేదు. లోకంలోని సందేహాలన్నీ రాత్రి వాడింట్లో పడుకుని పొద్దున్నే ఊరిమీదికి బయల్దేరేవి. మా మూడోవాడు దోమలగూడలో ఉండే గుటక, ఆ చర్చి పాటల బృందంలో, అంటే క్వాయర్‌లో పాడేవాడు. ఏ మాట చెప్పాలన్నా ముందు ఒక గుటక మింగేవాడు. గొంతులోని ముడి లిఫ్టులా పైకెళ్ళి కిందికి దిగాకే మాట బయటికి వచ్చేది. అదే మనిషి పాట ఎత్తుకున్నాడంటే మాత్రం చాయ్ బండి మీద పొంగుతున్న పాలు కూడా ఆగి వినేవి (నేను చూశాను).

ఆ డిసెంబరులో గుటక చాయ్ గ్లాసు పట్టుకుని లిఫ్టు నడపడం మొదలుపెట్టాడు. ఏదో పెద్ద విషయమే అనుకున్నాం.

"భై, క్రిస్మస్ ప్రోగ్రామ్‌ల సోలో నాకే ఇచ్చిన్రు. మీరిద్దరు రావాలె. ముందు వరుసల్నే కూసోవాలె."

"ముందు వరుసే ఎందుకురా?" అన్నాడు సందేహం.

గుటక పడింది. "రిహార్సల్‌ల రెండుసార్లు మొదటి లైన్ పాడంగనే గొంతు బందైంది. క్వాయర్ మాస్టర్ సాబ్ సాఫ్ సాఫ్ చెప్పిండు. ఆ రోజు గిట్ల ఆగిందనుకో, వచ్చే ఏడు నుంచి పాటల్లేవ్, కుర్చీలు సర్దుకోమన్నడు. ముందట పెద్దమనుషులుంటే నాకు పరేషాన్ అయితది. మీ మొఖాలు చూస్తే ఎవనికన్న భయమైతదా?"

ఇంత గౌరవంగా మమ్మల్ని ఎవరూ ఎక్కడికీ పిలిచి ఎరగరు.

"చప్పట్లు కొట్టచ్చా? మధ్యలో కొట్టాలా, చివర్లో కొట్టాలా?" అన్నాడు సందేహం.

"నువ్వేం కొట్టకురా నాయనా, జర ఊకె కూసో."

ప్రోగ్రామ్ రోజు సాయంత్రం అలవాటు కొద్దీ చెప్పులు చర్చి మెట్ల దగ్గరే విడిచాం. ఎవరూ విడవలేదని లోపలికెళ్ళాక తెలిసింది. డిసెంబరు చలికి ఆ రాతినేల మా అరికాళ్ళను పట్టుకుని, ఎవరు మీరు, ఎక్కడినుంచి వచ్చారు అని ఆరా తీసింది. ముందు వరుసలో కూర్చున్నాం. ఎదురుగా క్వాయర్ అంతా వరుసలుగా నిలబడి ఉంది. మాస్టర్ గారు చెయ్యెత్తగానే అందరూ ఒక్కసారే గాలి పీల్చారు. చిక్కడపల్లి దాకా గాలి తక్కువై ఉంటుంది. ఆ తర్వాత జరిగింది నేనింతకుముందు ఎన్నడూ వినలేదు. ఆడవాళ్ళదొక బాణీ, మగవాళ్ళదొక బాణీ, అందులో మళ్ళీ పై గొంతులు, కింది గొంతులు. చౌరస్తాలో నాలుగు దిక్కుల నుంచీ బండ్లు ఒకేసారి వచ్చి ఒకదానికొకటి తగలకుండా పోయినట్టుంది (చౌరస్తాలో అలా ఎప్పుడూ జరగలేదు కాబట్టే అంత ఆశ్చర్యం).

"ఒరేయ్, తలో పాటా పాడుతున్నారు, గొడవేం రావట్లేదేంట్రా?" అని చెవిలో ఊదాడు సందేహం.

ఇక్కడ మా పెద్దనాయన గురించి చెప్పాలి. చిక్కడపల్లిలో మా గల్లీ హనుమాన్ గుడిలో శనివారం భజన ఆయనదే. ఆయన ఒక లైను పాడి ఆపితే, కూర్చున్నవాళ్ళంతా అదే లైను తిరిగి పాడాలి. పాడని పిల్లగాడి నెత్తిమీద చేతిలోని చిడతలు పడేవి. చిన్నప్పటినుంచీ నాకిది ఎంత వంటబట్టిందంటే, ఎక్కడ పాట ఆగినా చెయ్యి నెత్తిని కాపాడుకునేది, నోరు దానంతటదే తెరుచుకునేది. సందేహం కూడా గుగ్గిళ్ళ కోసం ఆ భజనలోనే పెరిగాడు.

గుటక ముందుకొచ్చాడు. మమ్మల్ని చూశాడు. "చలి రాత్రి మా తలుపు తట్టినదెవరో..." అని ఎత్తుకున్నాడు. పైకప్పు దూలాలు కరిగి కిందికి కారతాయేమో అనిపించింది. లైను అయిపోయింది. లిఫ్టు పైకెళ్ళింది. పై అంతస్తులో ఇరుక్కుంది.

పియానో ఆగింది. మాస్టర్ గారి చెయ్యి గాల్లో నిలిచిపోయింది. కొవ్వొత్తులు కూడా ఊపిరి బిగబట్టాయి. గుటక కళ్ళల్లో నాకు కుర్చీల దొంతరలు కనబడుతున్నాయి. ఏం చెయ్యాలా అని ఆలోచిస్తున్నాననే అనుకున్నాను గానీ, అప్పటికే నా చెయ్యి నెత్తిమీదుంది, నోరు తెరిచి ఉంది.

"చలి రాత్రి మా తలుపు తట్టినదెవరో!" అని అరిచాను. పక్కనుంచి సందేహం, చప్పట్లతో సహా. వెనక వరుసలోని ఒక ముసలమ్మ, ఈ ఏడు ఇదో కొత్త పద్ధతి కాబోలనుకుని అందుకుంది. ఆమె వెనక అందరూ. చర్చి చర్చంతా మా గల్లీ భజనైపోయింది.

మాస్టర్ గారు మెల్లగా మావైపు తిరిగారు. గుటక మాత్రం నెత్తిమీదున్న నా చేతినే చూస్తున్నాడు. వాడికీ పెద్దనాయన చిడతల సంగతి తెలుసు. పెదవి వణికింది, నవ్వు తన్నుకొచ్చింది, ఆ నవ్వుతోపాటు లిఫ్టు దిగింది. రెండో లైను దివ్యంగా పాడాడు. మేం ఆగలేదు, దాన్నీ తిరిగి పాడేశాం. మాస్టర్ గారు బుద్ధిమంతుడు. ఒక చెయ్యి క్వాయర్‌కిచ్చి, రెండో చేత్తో మాకు తాళం వెయ్యడం మొదలుపెట్టారు.

తర్వాత కేకు పెట్టారు. కుడిచేత్తో అందుకుని కళ్ళకద్దుకుంటుంటే మాస్టర్ గారు వచ్చారు. "బాబూ, మీరు ఏ చర్చి నుంచి?"

"చిక్కడపల్లి హనుమాన్ గుడి సార్."

ఆయన చాలాసేపు కేకు నమిలారు. కానీ వచ్చే ఏడు సోలో కూడా గుటకదేనని అక్కడే చెప్పేశారు.

ఇన్నేళ్ళ తర్వాత, పోయిన క్రిస్మస్‌కి సందేహమూ నేనూ మళ్ళీ వెళ్ళాం. ఇప్పుడక్కడ మాస్టర్ మా గుటకే. గడ్డం కింద పెరిగిన మెత్తదనంలో లిఫ్టు కనబడకుండా పోయింది. సోలో మొదలయ్యే ముందు పక్కనున్న కాలేజీ అమ్మాయి మా చెప్పుల్లేని కాళ్ళను జాలిగా చూసి, "అంకుల్, మీరు కొత్తనా? లైన్ ఆగంగనే మనం తిరిగి పాడాలె. ఇక్కడ బ్రిటిషోళ్ళ కాలం నుంచి గిదే పద్ధతి," అంది.

నేను నోరు తెరిచేలోగా సందేహం ముందుకు వంగాడు. "అవునామ్మా? అప్పట్లో చప్పట్లు కూడా కొట్టేవాళ్ళా?"

"కొట్టేటోళ్ళంట."

వాడు బుద్ధిగా తలూపాడు. పాట ఆగింది. పెద్దనాయన పోయి ఎన్నేళ్ళో అయింది, ఆ చిడతలు ఏ అటక మీదున్నాయో తెలియదు, నెత్తిమీద కాపాడుకోవడానికి జుట్టు కూడా పెద్దగా లేదు. అయినా నా చెయ్యి పైకెళ్ళింది.

ఆ అమ్మాయి నావైపోసారి చూసి, ఇదీ పద్ధతిలో భాగమే కాబోలనుకుని, తనూ చెయ్యి నెత్తిన పెట్టుకుని పాడింది.