లిస్టులో భాగ్యరేఖ పేరు

మా ఆఫీసులో భాగ్యరేఖకి పని చెప్పేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించుకోవాలి. చెప్పినవాడు మరిచిపోయినా ఆవిడ మరిచిపోదు. స్టోర్లో పాత డబ్బాలెన్ని ఉన్నాయో ఎవరైనా చూస్తే బాగుణ్ణని ఒకసారి టీ తాగుతూ నేను గొణుక్కున్నాను. మూడు రోజుల్లో జాబితా తెచ్చి నా బల్ల మీద పెట్టింది. పారేశానని నేను పైవాళ్ళకి రాసి పంపిన డబ్బాలు కూడా అందులో ఉన్నాయి. ఆ వారమంతా ఆవిడతో మాట్లాడలేదు నేను.

మాది భిలాయిలో పచ్చళ్ళు, పొడులు తయారుచేసి ప్యాక్ చేసే కంపెనీ. నా పేరు రమాకాంత్, స్టోర్ ఇన్‌ఛార్జిని. సెక్టర్ 2 క్వార్టర్లో పుట్టి, స్టీల్ ప్లాంటులో ఉద్యోగం వస్తుందని పదేళ్ళు ఎదురుచూసి, రాక, ఇక్కడ తేలినవాణ్ణి. భాగ్యరేఖ ఈ ఊళ్ళోనే ఖుర్సీపార్ పేట పిల్ల. పిల్ల అంటున్నాను గానీ నలభై దాటాయి. వాళ్ళ నాన్న చీపురుపల్లి నుంచి వచ్చి ఆ ప్లాంటులోనే బొగ్గు కాల్చే కోక్ ఓవెన్లలో పనిచేశాడు. ఈవిడ డిగ్రీ చదివి, కంప్యూటర్ కోర్సు చేసి, రెండేళ్ళు ఉద్యోగం కోసం తిరిగింది. ఎవరూ ఇవ్వలేదు. అప్పుడు వాళ్ళ వీధిలోనే అట్టపెట్టెలు, లేబుళ్ళు చేసే ఆదిశేషు గారు కొత్తగా కంప్యూటర్ కొన్నారు. దాన్ని ముట్టుకునే ధైర్యం అక్కడ ఎవరికీ లేదు. "నువ్వు కూకోమ్మా" అన్నారట. అయిదేళ్ళు కూర్చుంది. ఆ తర్వాత మా కంపెనీ పర్చేజ్ సెక్షన్‌కి వచ్చి పదకొండేళ్ళయింది.

ఆవిడ అక్కణ్ణించి వచ్చేసినా వాళ్ళు ఆవిణ్ణి వదల్లేదు. ఏటా సెప్టెంబర్ పదిహేడున మిషన్లకి చేసే విశ్వకర్మ పూజ అయ్యాక మర్నాడు ఆదిశేషు గారి ఫ్యాక్టరీ నుంచి మా ఆఫీసుకి ఒక పొట్లం వచ్చేది. బూందీ లడ్డూ, కారప్పూస, కొబ్బరిముక్క, పైన ప్రింటు తీసి అంటించిన చీటీ మీద భాగ్యరేఖ పేరు. సగం లడ్డూ నాకు అందేది కాబట్టి ఈ సంగతి నాకు బాగా తెలుసు.

ఈ ఏడాది ఫిబ్రవరిలో మా సరుకు ఎక్కువగా కొనే పుణే దుకాణాల వాళ్ళు ఒక మెలిక పెట్టారు. ఎక్కడో ఒక కంపెనీ లేబుళ్ళ డిజైన్లు ప్యాకింగు ఫ్యాక్టరీ కంప్యూటర్లోంచి ఎవరో ఎత్తుకుపోయి, అచ్చం అలాంటి సీసాల్లోనే నకిలీ సరుకు అమ్మారట. అందుకని ఇకమీదట వాళ్ళ సరుకుకి పెట్టెలూ లేబుళ్ళూ ఒక్కచోటే చేయించాలి. మాకు ఇద్దరున్నారు. రాయపూర్ దారిలో నవరంగ్ కార్టన్స్ అనే పెద్ద ఫ్యాక్టరీ ఒకటి, ఖుర్సీపార్‌లో ఆదిశేషు గారిది ఒకటి. ఇద్దరిలో ఎవరి కంప్యూటర్లు భద్రంగా ఉన్నాయో పోల్చి చూసి చెప్పమన్నారు. ఎనభై నాలుగు ప్రశ్నలు పంపారు, ప్రశ్నకో మార్కు. పెట్టెలు గట్టిగా ఉన్నాయా లేదా అని మాత్రం ఒక్క ప్రశ్నా లేదు. నాకు ఒళ్ళు మండింది.

మా మేనేజర్ శశిధర్ స్మృతి నగర్ కుర్రాడు, తెలుగు అర్థమవుతుంది గానీ మాట హిందీలోనే వస్తుంది. "దీదీ, ఆప్ హీ కర్ లీజియే" అని ఆ కాగితాలు భాగ్యరేఖకి ఇచ్చేశాడు. తను ఒకప్పుడు ఆదిశేషు గారి దగ్గర పనిచేశానని ఆవిడ అప్పుడే చెప్పింది. పదకొండేళ్ళనాటి మాట, ఫరవాలేదన్నాడు. తోడు నన్ను వెళ్ళమన్నాడు. వద్దనడానికి నాకు కారణం దొరకలేదు.

ముందు నవరంగ్‌కి వెళ్ళాం. తలుపు దగ్గర వేలిముద్ర, కంప్యూటర్ తెరవాలంటే ఫోనుకి నంబరు రావాలి, గోడల నిండా కెమెరాలు, అద్దం వెనకాల సర్టిఫికెట్లు. నేను నోరు తెరుచుకుని చూశాను. భాగ్యరేఖ మాత్రం దగ్గరికి వెళ్ళి ఆ సర్టిఫికెట్ మీద తేదీ చదివింది. గడువు ఎనిమిది నెలల కిందటే అయిపోయింది. ప్రింటింగ్ మిషన్ అమ్మిన విదేశీ కంపెనీవాళ్ళు రిపేరు కోసం వాళ్ళ దేశం నుంచే లోపలికి రావడానికి ఒక దారి పెట్టుకున్నారు. పని లేనప్పుడు దాన్ని మూస్తారా అని అడిగింది. మూయరట. ఫైళ్ళకి నకళ్ళు తీస్తారు గానీ అవి కూడా ఆ కంప్యూటర్లతోనే కలిపి ఉంటాయి. దొంగ ఒకచోట దూరితే రెండూ పోతాయని దారిలో నాకు చెప్పింది. యాభై ఏడు మార్కులు వేసింది.

మర్నాడు ఖుర్సీపార్. ముప్ఫైమంది ఆడవాళ్ళు పెట్టెలు మడుస్తూ, అతికిస్తూ ఉన్నారు. నాలుగు కంప్యూటర్లు, నాలుగింటికీ పోయిన పూజనాటి కుంకుమ బొట్లు. ఇక్కడ మార్కులేం పడతాయని నేను జాలిపడ్డాను గానీ, పడ్డాయి. ప్రింటింగ్ మిషన్లకీ ఇంటర్నెట్‌కీ సంబంధమే లేదు. ఆదిశేషు గారి భార్య లలితాంబ గారు ప్రతి శనివారం ఫైళ్ళన్నీ ఒక డిస్కులోకి ఎక్కించి, దాన్ని టిఫిన్ సంచీలో వేసుకుని ఇంటికి తీసుకెళ్ళి దేవుడి గూట్లో పెడతారు. పదిహేనేళ్ళలో ఒక్క శనివారం తప్పలేదు. నవరంగ్‌కి సున్నా పడ్డచోట ఇక్కడ నిండు మార్కులు పడ్డాయి. భాగ్యరేఖకి ముఖం వెలిగింది. ఈ అలవాటు నేర్పింది తనే.

ఆఖరున పన్నెండు మార్కుల భాగం మిగిలింది. పని మానేసి వెళ్ళిపోయినవాళ్ళ పేర్లు కంప్యూటర్లోంచి తీసేశారా, బయటి నుంచి ఎవరైనా లోపలికి రాగలరా అన్నది. లేబుళ్ళ కంప్యూటర్లోకి వెళ్ళగలిగే వాళ్ళ పేర్లు చూపించమంది. తొమ్మిది పేర్లు వచ్చాయి. ఇద్దరు బొబ్బిలి వెళ్ళిపోయారు. ప్రింటింగ్ చూసే పోలయ్య చనిపోయి రెండేళ్ళయింది. అందరికంటే పైన మొదటి పేరు భాగ్యరేఖది.

ఆదిశేషు గారికి అందులో తప్పేమీ కనపడలేదు. పూజ పొట్లాల మీద అంటించే పేర్లు ఆ లిస్టులోంచే తీస్తారు. పోలయ్య పొట్లం ఇప్పటికీ వాళ్ళింటికి వెళుతుంది. ఒకసారి మన దగ్గర చేసినవాళ్ళ పేరు కొట్టెయ్యడం వాళ్ళని గెంటెయ్యడమేనని ఆయన లెక్క.

మా ఆఫీసుకి వచ్చాక భాగ్యరేఖ ఆయనకి ఫోన్ చేసింది. ఒకటి చూడాలి బాబాయ్, ఒప్పుకుంటారా అని అడిగింది. నీకు లేకపోతే ఇంకెవరికమ్మా అన్నారాయన. తన బల్ల దగ్గర కూర్చుని పాత పాస్‌వర్డ్ కొట్టింది. లాక్‌డౌన్‌లో ఇళ్ళ నుంచి పనిచేసుకోవడానికని లిస్టులో ఉన్న అందరికీ ఒకేసారి బయటి దారి పెట్టారట. ఆ దారి తెరుచుకుంది. మా లేబుళ్ళతో పాటు, మాకు పోటీగా పచ్చళ్ళు అమ్మేవాళ్ళ లేబుళ్ళు, ఇంకా బజారులోకి రాని కొత్త డిజైన్లు, అన్నీ నా కళ్ళెదుట వరసగా కనపడ్డాయి. వెంటనే మూసేసింది. ఇన్నేళ్ళలో ఎప్పుడైనా ఏదైనా పోయుంటే మొదట తన పేరే బయటికొచ్చేదని ఆవిడకి అప్పుడు తట్టింది. నాకూ భయమేసింది.

లెక్క చూసుకున్నాం. ఆ పన్నెండు మార్కులూ కలిపితే ఆదిశేషు గారికి యాభై తొమ్మిది, నవరంగ్ కంటే రెండెక్కువ. కలపకపోతే నలభై ఏడు. ఆయన పనిలో సగం మా ఆర్డరే. అది పోతే ఆ ముప్ఫైమందిలో కొందరు ఇంట్లో కూర్చోవాలి. నేను మంచివాణ్ణని చెప్పుకోను. ఉన్న మాట చెప్పేశాను. రిపోర్టు ఇవ్వడానికి ఇంకా నాలుగు రోజులుంది, ఇప్పుడే ఫోన్ చేసి ఆ పేర్లు తీయించెయ్యి, దారి మూయించెయ్యి, తర్వాత మళ్ళీ చూసినట్టు రాసెయ్యి, ఎవరికీ నష్టం లేదన్నాను.

దారి వెంటనే మూయించింది. పోటీవాళ్ళ కాగితాలు కూడా అందులో ఉన్నాయి కదా, ఒక్క గంట కూడా ఆగకూడదంది. రిపోర్టులో మాత్రం మనం వెళ్ళిననాడు ఎలా ఉందో అలాగే రాస్తానంది.

"ఆయన నీకు అన్నం పెట్టిన మనిషి" అన్నాను.

"అందుకే భయ్యా. నా పేరు కనపడకుండా రాస్తే ఆయన్ని గెలిపించినట్టుండదు, నన్ను దాచుకున్నట్టుంటాది" అంది.

నలభై ఏడు అని రాసింది. ఎవరి పేరుతో దారి తెరుచుకుందన్న చోట తన పేరు రాసి సంతకం పెట్టింది. శశిధర్ అది చదివాడు. ఇలాంటిది బయటపడ్డాక ఈ పోలిక ఆవిడ చేతిలో ఉండకూడదన్నాడు. అదీ నిజమే. రాయపూర్ నుంచి ఒక కంప్యూటర్ మనిషిని పిలిపించి మళ్ళీ మొదటి నుంచీ చూపించాడు. రిపోర్టు తేలేదాకా భాగ్యరేఖని పర్చేజ్ నుంచి తప్పించి నా స్టోర్లో కూర్చోబెట్టాడు. మూడు వారాలు డబ్బాల మధ్య కూర్చుంది. ఉద్యోగం ఉంటుందో పోతుందో తెలియదు. ఆ మూడు వారాల్లో నా స్టోర్ ఎన్నడూ లేనంత శుభ్రమైంది. కొత్త మనిషి, మేం వెళ్ళిననాటి స్థితికే మార్కులేస్తూ, నవరంగ్‌కి యాభై ఆరు, ఆదిశేషు గారికి నలభై ఏడు వేశాడు. ఈవిడ సీటు ఈవిడకి వచ్చింది. ఆర్డర్ నవరంగ్‌కి వెళ్ళింది. లోపాలు సరిచేసుకుంటే జూలైలో మళ్ళీ చూస్తామని ఆదిశేషు గారికి ఉత్తరం రాశారు.

ఖుర్సీపార్‌లో పదకొండుమంది ఆడవాళ్ళు పని లేక ఇంట్లో కూర్చున్నారు. అందులో ఇద్దరివి భాగ్యరేఖ ఇంటి పక్క ఇళ్ళే. లలితాంబ గారు బజార్లో ఎదురుపడి ముఖం తిప్పుకుని వెళ్ళిపోయారట. ఆ రోజు నాకు ఈ మాట చెబుతూ మా స్టోర్లో కూర్చుని ఏడ్చింది. సలహా ఇచ్చినవాణ్ణి, నా మాట విని ఉంటే అని అనబోయి ఊరుకున్నాను.

ఏప్రిల్ చివర్లో ఆదిశేషు గారు ఫోన్ చేసి రమ్మన్నారు. ఒక్కతే వెళ్ళలేనంటే నేనూ వెళ్ళాను. రాయపూర్ మనిషి చెప్పినవన్నీ చేశారు. ఒక్కొక్కరికీ వేరు పాస్‌వర్డ్ పెట్టారు, కొత్త తాళాలు పెట్టారు. పేర్లు మాత్రం అలాగే ఉన్నాయి. ఆదిశేషు గారు కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నారు. లలితాంబ గారు అటు తిరిగి లేబుళ్ళు చూసుకుంటున్నారు.

"సచ్చిపోయినోడి పేరే తియ్యనేదు నేను. బతికున్న పిల్ల పేరు తీసీమంటే ఏటి సెయ్యాల? నా సెయ్యి రాదు. నువ్వే తీసీ" అన్నారు.

"నేను ముట్టుకోకూడదు బాబాయ్. మీరే తియ్యాల. నేనిక్కడే నిలబడి ఉంటాను" అంది.

బొబ్బిలి వాళ్ళవి రెండూ తీశారు. పోలయ్య పేరు దగ్గర ఆగి కళ్ళు తుడుచుకుని తీశారు. భాగ్యరేఖ పేరు దగ్గర మరీ ఆలస్యం చేశారు. ఆఖరికి నొక్కారు. లిస్టులో అయిదు పేర్లు మిగిలాయి. ఎవరూ టీ ఇవ్వలేదు, మేమూ అడగలేదు.

జూలైలో రాయపూర్ మనిషే మళ్ళీ వెళ్ళి చూశాడు. అరవై ఎనిమిది వచ్చాయి. పుణే వాళ్ళు ఏడాదికి నవరంగ్‌కి మాట ఇచ్చేశారు కాబట్టి ఆ ఆర్డర్ వచ్చే మార్చిదాకా కదలదు. మా మిగతా సరుకు పెట్టెలు మాత్రం ఆదిశేషు గారికి ఇచ్చారు. పదకొండుమందిలో ఏడుగురు పనిలోకి వచ్చారు. నలుగురు రాలేదు. ఆ నలుగురి పేర్లూ భాగ్యరేఖకి నోటికి వచ్చు, అడక్కుండానే చెబుతుంది.

సెప్టెంబర్ పదిహేడు వచ్చింది, వెళ్ళింది. పద్దెనిమిదిన పొద్దున్నుంచీ ఎవరు గేటు తీసినా భాగ్యరేఖ తలెత్తి చూడడం నేను గమనించాను. మధ్యాహ్నం దాకా ఏమీ రాలేదు. రాదులే అని నాకు తెలుసు. పొట్లాల చీటీలు లిస్టులోంచే కదా తీసేది. పక్క వీధిలో లడ్డూలు కొనుక్కొద్దామా అన్నాను. వద్దంది. ఆర్డర్ కాగితాలు ముందేసుకుని కూర్చుంది.

మూడింటికి లలితాంబ గారు వచ్చారు. ఎండలో నడిచి వచ్చినట్టున్నారు, చెమటలు పట్టాయి. భుజాన ఆ శనివారం టిఫిన్ సంచీ ఉంది. భాగ్యరేఖ లేచి నిలబడింది. ఆవిడ సంచీలోంచి రెండు పొట్లాలు తీశారు. ఒకదాని మీద పెన్నుతో పోలయ్య అని రాసుంది, దాన్ని మళ్ళీ సంచీలో పెట్టుకున్నారు. రెండోది భాగ్యరేఖ బల్ల మీద పెట్టారు. దాని మీదా పెన్ను రాతే, అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయి.

"లిస్టులో నీ పేరు నేదు" అన్నారు లలితాంబ గారు. "ఇకమీదట నేనే గుర్తెట్టుకోవాల."

పోలయ్య వాళ్ళింటికి వెళ్ళాలని కూర్చోకుండానే వెళ్ళిపోయారు. భాగ్యరేఖ ఆ పొట్లం సాయంత్రందాకా విప్పలేదు. ఈ ఏడాది నాకు లడ్డూ పెట్టలేదు, నేనూ అడగలేదు.