పొండి అన్నది ఎవరిని?

పోయిన ఆదివారం కర్నూలులో మా మనవరాలితో కలిసి చర్చికి పోతే, అయ్యగారు మైకులో సువార్తలోని ఆ కఠినమైన మాట ఎత్తుకున్నారు. మీరెవరో నేనెరగను, నా ఎదుటినుంచి పొండి అని ప్రభువు అంటాడే, ఆ మాట. నా పక్కన కూర్చున్నావిడ మోచేత్తో పొడిచి, అది ఎవరెవరికి తగలాలో వరసగా చెప్పుకొచ్చింది. నాకు ఒళ్లు జలదరించింది. ఆవిడ మాటలకు కాదు లెండి, ఆత్మకూరు పక్క మా పల్లెలో, యాభైల నాటి ఒక ఆదివారం గుర్తుకొచ్చి.

నాయన ఆ పల్లెకు ఉపదేశి. అయ్యగారు నెలకొకసారి వచ్చేవారు గనుక, మిగిలిన ఆదివారాల్లో ప్రసంగం చేసేదీ, దయ్యం పట్టిందన్నవాళ్ల మీద చేయి పెట్టి ప్రార్థన చేసేదీ ఆయనే. నేను అప్పుడే బడిలో పంతులమ్మగా చేరాను. మా తరంవాళ్లకు గుర్తుండే ఉంటుంది, చదువొచ్చినవాళ్లు అరుదు కాబట్టి వాక్యాన్ని ముక్కలు ముక్కలుగా చదివితే సంఘమంతా గొంతెత్తి తిరిగి పలికేది. మా ఊళ్లో ఇంకొక ఆచారం కూడా ఉండేది, ఇప్పుడు తలుచుకుంటే నమ్మబుద్ధి కాదు. తప్పు చేసినవాళ్లను గడప దగ్గర కూర్చోబెట్టి, ప్రభురాత్రి భోజనపు రొట్టె ఇవ్వకుండా, ఆ పొండి అన్న మాటను అందరం వాళ్లవైపు తిరిగి పలికేవాళ్లం. దాని ముందు ఏముందో ఎవరూ చదివేవారు కాదు, ఆ ఒక్క ముక్కే.

కరువొచ్చిన ఆ ఏడాది గడప దగ్గర కూర్చున్నది నా మేనత్త, నాయనకు సొంత చెల్లెలు. బిడ్డ జ్వరంతో మూర్ఛలు పోతుంటే నాయన పూటపూటా ప్రార్థన చేసినా తగ్గలేదు. తల్లి మనసు ఆగుతుందా, పీర్లచావిడికి పరుగెత్తి తాయెత్తు కట్టించుకొచ్చింది. బిడ్డ బతికాడు. నాయనకు అదే మరీ మండిందేమో. ఆమెను సంఘంలోంచి తీసేయాలని పెద్దలు తీర్మానించారు. తీసేస్తే రేపు పోయాక మా సమాధుల దొడ్డిలో చోటుండదు, చనిపోయిన భర్త పక్కన పండుకోవాలన్న ఆమె ఆశ కూడా పోతుంది.

వెలివేత చిన్న సంగతి కాదని ఆ రోజు నాయన ఆ భాగాన్ని మొదటినుంచి ఎత్తుకున్నాడు. ప్రభువా ప్రభువా అని పిలిచేవాళ్ల సంగతి వచ్చింది, పలికాం. నీ పేరు మీద ప్రసంగాలు చేయలేదా అన్నది వచ్చింది, పలికాం. నీ పేరు మీద దయ్యాలను వెళ్లగొట్టలేదా అన్నదీ పలికాం. తరువాతి ముక్క రాలేదు. తలెత్తి చూస్తే నాయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. ప్రసంగాలు చేసేదెవరు, దయ్యాలను వెళ్లగొట్టేదెవరు? మా ఊరంతటికీ ఒక్కడే. తాయెత్తు కట్టించుకున్న ఆడమనిషి ఊసే అందులో లేదు!

"ఇది మా చెల్లెలికి చెప్పింది కాదప్పా, నాకు చెప్పినాడు" అని, పుస్తకం మూసి బల్ల మీద పెట్టి, నడిచిపోయి గడప దగ్గర అత్త పక్కన నేలమీద కూలబడ్డాడు.

పెద్దల్లో ఒకాయన "ఏమప్పా, మతి పోయిందా నీకు, లెయ్" అని గదమాయించాడు. అత్త "అన్నా, నువ్వు ఈడ కూర్చోవద్దు, నాకు శానా భయమైతాండాది" అని బావురుమంది. నాయన లేవలేదు. ఆరాధన ఎట్లా ముగించాలో తెలిసినవాళ్లు లేక, జనం ఒక్కొక్కరే ఆ ఇద్దరినీ దాటుకొని బయటికి పోయారు.

అత్తను తీసేయాలని మళ్లీ ఎవరూ నోరెత్తలేదు. మరుసటి నెల అయ్యగారు ఆమెకు రొట్టె ఇచ్చారు, చివరకు ఆమె భర్త పక్కనే పండుకుంది. నాయన మాత్రం ఉపదేశి పని వదిలేసి బేతంచెర్ల వైపు నాపరాళ్ల గనుల్లో కూలికి పోయాడు. ఇల్లు నా జీతం మీద పడింది, అమ్మ రోజూ దెప్పేది, నాకూ ఆయన మీద పట్టరాని కోపం వచ్చేది. అయ్యగారు ఎంత పిలిచినా ముందుకు రాలేదు, పోయేదాకా గడప దగ్గరే కూర్చున్నాడు. రొట్టె ఇచ్చినప్పుడల్లా అత్త తన చేతిలోది తినకుండా వచ్చి, అందరూ చూస్తుండగానే సగం తుంచి ఆయన చేతిలో పెట్టేది.

ఇప్పుడు ఎవరినీ అట్లా కూర్చోబెట్టరు, మంచిదే. ఇంటింటికీ పుస్తకముంది, చదువుంది, ఎవరికి వాళ్లు మనసులో చదువుకుంటారు. అయినా ఆ మాట చెవిన పడగానే పక్కవాళ్లవైపు చూసేవాళ్లే గానీ, నాకేనేమో అని ముఖం పాలిపోయిన మనిషిని, నాయన తరవాత నేను మళ్లీ చూడలేదు.