అందరినీ ఆడించిన సార్

మా వాలీబాల్ కోచ్ సార్ పోయారని మంగళవారం పొద్దున్న మా కాలనీ, సెక్టర్ 2 వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. పది నిమిషాల్లో చేతులు జోడించిన బొమ్మలు యాభై. "గొప్ప మనిషి" అని అందరికన్నా ముందు రాసింది ఎవరనుకున్నారు? రెండేళ్ల క్రితం ఆయన చేతిలోంచి క్లబ్బు తాళాలు లాక్కున్న కమిటీ పెద్దే. నాకు ఒళ్లు మండిపోయింది.

చాలా ఏళ్లు కోచ్‌గా చేసి, స్టీలు ప్లాంటు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక కాలనీ క్లబ్బు మొత్తం ఆయనే చూసుకున్నారు. క్యారమ్ బోర్డుకి పౌడర్ దగ్గర్నుంచి నెట్టుకి ముడుల దాకా ఆయన చేతి పనే. విజిల్ జేబులోనే ఉండేది. పిల్లల్ని పేరు పెట్టి అరిచి పిలవడమే ఆయనకిష్టం. రోజూ ప్రాక్టీసుకి వచ్చిన ప్రతి పిల్లా మ్యాచ్‌లో దిగాలి, అదొక్కటే రూలు.

నేను జట్టులో అందరికన్నా మొద్దుని. సర్వీసు నెట్టు దాటేది కాదు. పక్క బస్తీ ఖుర్సీపార్ జట్టుతో ఫైనల్లో, స్కోరు సమంగా ఉండగా, నన్ను పిలిచారు.

"నావల్ల ఓడిపోతాం సార్."

"ఓడితే ఓడతాం, ఏటైపోద్ది? రోజూ ఎండలో వొచ్చింది కూకోడానికేటి? చలో, దిగు!"

ఓడిపోయాం. ఆ సాయంత్రం అందరికీ సమోసాలు పెట్టించి, నా సర్వీసులో తప్పేమిటో దారంతా చెయ్యి ఊపి చూపిస్తూ నడిచారు.

అలాంటి నేను, నా కూతురి జట్టు అదే పద్ధతిలో ఓడినప్పుడు, ఆయన్ని తీసెయ్యమని తల్లిదండ్రులు రాసిన కాగితం మీద సంతకం పెట్టాను. ఆట రాని పిల్ల కోసం నా బిడ్డని కూర్చోబెట్టారని కడుపుమంట. కమిటీని తిట్టే నోరు నాకు లేదు. అయినా తిడుతున్నాను, నన్ను కూడా కలిపి.

పదో రోజున వాళ్లింటికి వెళ్లి ఆయన భార్యతో చెప్పేశాను.

"ఆంటీ, ఆ కాగితం మీద నేనూ సంతకం పెట్టాను."

"తెలుసమ్మా. ఆయనా చూసారు. 'పోన్లే, పిల్ల తల్లి కదేటి' అన్నారు."

ఆ మాటే నన్ను తినేస్తోంది. ఒక్కసారి మా గుమ్మంలోకి వచ్చి తిట్టి ఉండాల్సింది సార్.

తిరిగి వస్తూ గ్రౌండు దగ్గర ఆగాను. మ్యాచ్ జరుగుతోంది. కొత్త కోచ్ గెలిపించే ఆరుగురినే దింపుతాడు. మిగతా పిల్లలు గోడవారన కూర్చుని చప్పట్లు కొడుతున్నారు. పొడుగు పిల్లలు చేరాక నా కూతురి వంతు రావడం లేదు. అదీ ఆ వరసలోనే ఉంది, మోకాళ్లకి ఈ ఏడాది కొన్న ప్యాడ్లు కట్టుకుని. కొన్ననాడు ఎంత తెల్లగా ఉన్నాయో ఇప్పుడూ అంతే తెల్లగా ఉన్నాయి.