పాలసీ చూడనిదే కాలు పెట్టని రెడ్డెప్ప మామ

మా రెడ్డెప్ప మామ ఏ బండి ఎక్కాలన్నా ముందు దాని ఇన్సూరెన్స్ పాలసీ చూస్తాడు. డ్రైవరు ముఖం తర్వాతే. ఏసీ ఉందా, సీటు మెత్తగా ఉందా అనేవి ఆయనకు అక్కర్లేదు. తేదీ కావాలి, ఆ తేదీ దాటిపోయి ఉండకూడదు. ఆటో కానీ, కారు కానీ, ఫోన్లో పిలిస్తే వచ్చే బైకు కానీ, పాలసీ చూడనిదే మామ కాలు లోపల పెట్టడు.

ఆయన నా భార్య భారతికి చిన్నాయన. మదనపల్లె కోర్టులో ఒక వకీలు దగ్గర ముప్పై ఏళ్ళు గుమాస్తాగా పనిచేసి, యాక్సిడెంటు కేసుల కట్టలు మోసీ మోసీ రిటైరయ్యాడు. మనిషి రిటైరయ్యాడు కానీ నోరు ఇంకా డ్యూటీలోనే ఉంది. నాకు పెళ్ళయిన కొత్తలో ముగ్గురం సినిమాకని బయల్దేరాం. వరసగా నాలుగు ఆటోలు మామ పరీక్షలో ఫెయిలయ్యాయి. ఐదోది పాసయ్యేసరికి అక్కడ ఇంటర్వెల్ అయింది. హీరో ఎవరిమీద పగబట్టాడో, ఎందుకు పగబట్టాడో నాకు ఈ రోజుకీ తెలియదు.

ఆ నాలుగో ఆటో సంభాషణ మాత్రం బాగా గుర్తుంది.

"ఏమప్పా, పాలసీ యాడుండాది?"

"ఇంట్లో ఉండాది పెద్దాయనా."

"అట్లయితే ఇల్లును తోలుకోని రాపో. దాంట్లోనే పోతాము."

ఒకసారి మామకు గుండెల్లో నొప్పి వచ్చింది. అంబులెన్సు పిలిచాం. స్ట్రెచర్ మీద పడుకోబెట్టి ఎక్కిస్తుంటే కళ్ళు తెరిచి, "దీని ఫిట్‌నెస్ సర్టిఫికెట్టు ఎప్పటిదాకా ఉండాది?" అని అడిగాడు. డ్రైవరు బిత్తరపోయి నా వైపు చూశాడు. "చూపించెయ్యప్పా, లేకపోతే దిగి నడుస్తాడు" అన్నాను. చూపించాడు. ఆసుపత్రిలో అది గ్యాసు నొప్పి అని తేలింది. తిరునాళ్ళలో అయితే రంగులరాట్నం వాడిని పాలసీ అడిగాడు. వాడు టికెట్ డబ్బులు వాపసిచ్చి, పక్కనున్న బజ్జీల అంగడి వైపు దారి చూపించాడు.

ఇంతటి మామతో పోయిన వేసవిలో కుప్పానికి ప్రయాణం పడింది. అక్కడ మా బంధువుల ఇంట్లో నిశ్చితార్థం. ఫోన్లో సీట్లు బుక్ చేసుకునే షేర్ కారు ఒకటి దొరికింది. పసుపు బోర్డు కారు, డ్రైవరు గౌతమ్. అప్పటికే ముందు సీట్లో భవ్య అని బ్యాంకు ఉద్యోగి, వెనక మునెమ్మ కూర్చుని ఉన్నారు. మునెమ్మది నిమ్మనపల్లె. కుప్పంలో ఒక హాస్టల్లో వంట చేస్తుంది. వాళ్ళ ఇంట్లో నెలజీతం తీసుకున్న మొదటి మనిషి ఆమేనట. ఆ మాట మేము ఎక్కకముందే నాకు చెప్పేసింది. ఎందుకంటే మామ పాలసీలో చిన్న అక్షరాలు చదువుతూ పది నిమిషాలు బయటే నిలబడ్డాడు.

"సామీ, పోయినసారి ఎక్కినప్పుడూ సూసినారు గదా!" అన్నాడు గౌతమ్.

"పోయినసారి అన్నం తిన్నావు గదా, ఈ పొద్దు మళ్ళా యాల తిన్నావు?" అన్నాడు మామ.

పుంగనూరు దాటి రెండు కిలోమీటర్లు పోయామో లేదో, రోడ్డు మీదికి ఆవు వచ్చింది. పుంగనూరు ఆవు, మోకాలి ఎత్తు కంటే కాస్త ఎక్కువ. చెట్టు చాటునుంచి వచ్చిందేమో, గౌతమ్‌కు దగ్గరికొచ్చే దాకా కనపడలేదు. స్టీరింగు తిప్పేశాడు. కారు పోయి రోడ్డు పక్క మోరీ గోడకు గుద్దుకుంది. ఆవు మమ్మల్నందరినీ ఒకసారి చూసి, తన పనిమీద తాను వెళ్ళిపోయింది. మాకు గీతలూ బొప్పులూ తప్ప ఏమీ కాలేదు కానీ, మునెమ్మ కుడికాలు మోకాలి కింద విరిగింది.

అంబులెన్సు కంటే ముందు హెడ్ కానిస్టేబుల్ దొరస్వామి బండి మీద వచ్చాడు. ఇక్కడే మావాళ్ళ అలవాటు ఒకటి చెప్పాలి. ఈ దారిలో ఏళ్ళ తరబడి సొంత బోర్డు కార్లలో దొంగతనంగా జనాన్ని ఎక్కించుకుని తిరిగారు. పోలీసు కనపడితే డ్రైవరు చెప్పేది ఒకటే: "అందరం బంధువులమని చెప్పండి." ఇప్పుడు పసుపు బోర్డులొచ్చాయి, యాప్‌లొచ్చాయి. నోటికి పడిన అలవాటు మాత్రం పోలేదు.

"ఎవురెవురు ఉండారమ్మా కారులో?" అని దొరస్వామి పుస్తకం తెరిచాడు.

"నేను ఈ పిల్లోని పెద్దమ్మను సార్. బాడుగ గీడుగ ఏం లేదు, ఊరికే వస్తాండాను" అంది మునెమ్మ, పళ్ళు బిగపట్టి నొప్పి ఓర్చుకుంటూ.

"నేను చెల్లెల్ని" అంది భవ్య.

ఏం చేయను, నా నోరూ ఊరుకోలేదు. "బావను" అన్నాను.

"ఎవురూ ఎవురికీ ఏమీ గారు!" అని మామ వేసిన కేకకు దొరస్వామి చేతిలో పెన్ను జారింది. "ఈ డ్రైవరు నాకు సుట్టం గాడు! ఆయమ్మకూ గాడు! ఈయన నాకు అల్లుడే గానీ వానికి బావ గాదు! రాసుకో సార్, అందరం బాడుగకు ఎక్కిన ప్యాసింజర్లం!"

మునెమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "కేసయితే బిడ్డ కారు పోతాది గదన్నా. వారం వారం నన్ను జాగ్రత్తగా దించినోడు. నా కాలు నాటువైద్యం ఆకు కట్టుతో అతుక్కుంటాదిలే."

మామ ఆమె పక్కన మట్టిలోనే చతికిలబడ్డాడు. ఆయన గొంతు అంత మెత్తగా ఉండగలదని నాకు అంతవరకూ తెలియదు.

"సూడమ్మా. ఊరికే ఎక్కిన సుట్టమని రాస్తే రేపు ఇన్సూరెన్సోళ్ళు దాన్నే పట్టుకోని ఏండ్ల తరబడి తిప్పుతారు. నువ్వు పొయ్యి కాడ నిలబడాల్సిన మనిషివి, ఆకు కట్టుతో యాడ నిలబడతావు? యాప్‌లో నీ పేరుతో సీటుండాది. పిల్లోనికి లైసెన్సుండాది, పర్మిట్టుండాది, పాలసీ ఉండాది. నీకు పరిహారం కట్టాల్సింది కంపెనీ, వాడు గాదు. వాని కారు యాడికీ పోదు. నిజం సెప్తే ఇద్దురూ బతుకుతారు. ఆరు నెలల్లోగా అర్జీ ఏస్తాము, అది నేను సూసుకుంటాను."

మునెమ్మ గౌతమ్ వైపు చూసింది. గౌతమ్ ఏడుపు ముఖంతో తల ఊపాడు. "టికెట్ కొన్న మనిషినే సార్" అంది దొరస్వామితో. అంబులెన్సు రాగానే ఆమె వెంట మామే ముందు ఎక్కాడు. ఏ కాగితమూ అడగకుండా ఆయన బండెక్కడం నేను చూడటం అదే మొదటిసారి.

తర్వాత సంగతి ముందే చెప్పేస్తాను, మీరు బెంగపెట్టుకోకండి. మునెమ్మ కాలికి రాడ్డు వేశారు. మామ గడువులోగా అర్జీ వేయించి, వాయిదాలన్నిటికీ ఆమెతో పోయాడు. ఉద్యోగం పోలేదు, పరిహారమూ వచ్చింది. గౌతమ్ కేసు తేలడానికి కొంచెం టైం పట్టింది కానీ కారు వాడి దగ్గరే ఉంది. ఇవన్నీ బాగానే ఉన్నాయి. అసలు సంగతి ఆసుపత్రిలో జరిగింది.

మునెమ్మను ఎక్స్‌రేకు తీసుకుపోతున్నారు. మామ చెయ్యి ఆమె వదలడం లేదు. మామ హడావుడిగా తన ఫోను నా చేతిలో పెట్టి, "గౌతమ్‌కు ఫోన్ సేసి పాలసీ కాగితం తెమ్మను" అని ఆమె వెంట పోయాడు. కారు గుద్దుకున్నప్పుడే నా ఫోను పగిలిపోయింది. ఆయన ఫోనులో పేర్లు తెరిచి చూశాను. 'లోకేష్ ఆటో మార్చి 21'. 'వెంకటేష్ బైకు ఆగస్టు 3'. 'గౌతమ్ కారు మే 8'. ఇలా నూటికి పైగా ఉన్నాయి. ఇదేం పిచ్చి అనుకుంటూ గౌతమ్‌కు ఫోన్ కొట్టాను. నేను హలో అనకముందే అటునుంచి కేకలు.

"కట్టేసినాను సార్! మీరు ఫోన్ సేసిన మూడో రోజే కట్టేసినాను! ఇంగ తిట్టద్దండి సార్!"

"ఎవరనుకున్నావు?"

"హైదరాబాదు ఇన్సూరెన్సు హెడ్డాఫీసు సారు గదా? తేదీకి వారం ముందర మాకందరికీ ఫోన్ సేసి తిడతారు గదా సార్ మీరు!"

నాకు విషయం అర్థమైంది. మా ఊరి డ్రైవర్లందరి గడువులూ రాసి పెట్టుకుని, గొంతు మార్చి, ఆఫీసు తెలుగు మాట్లాడి, వాళ్ళను బెదిరించి పాలసీలు కట్టిస్తున్న హెడ్డాఫీసు ఇప్పుడు ఎక్స్‌రే గది ముందు ఒక వంటావిడ చెప్పులు పట్టుకుని నిలబడి ఉంది. నేను ఇన్నాళ్ళూ ఈయన్ని చాదస్తపు ముసలాయన అనుకున్నాను. సిగ్గేసింది. ముద్దూ వచ్చింది. నేనూ గొంతు మార్చాను.

"సంతోషం. ఆ పాలసీ పట్టుకుని వెంటనే పుంగనూరు ఆసుపత్రికి వెళ్ళుము."

దొరస్వామి బండి వెనక కూర్చుని పది నిమిషాల్లో వచ్చాడు గౌతమ్. కాగితం మామ చేతికిచ్చి, ఆయాసపడుతూ అన్నాడు: "సామీ, నేను అప్పుడు ఇన్సూరెన్స్ మానేసి టైర్లు ఏపించుకుందామనుకున్నాను. ఆ హైదరాబాదు సారు తిట్టకపోయింటే ఈ పొద్దు ఆయమ్మకు దిక్కుండేది గాదు, నాకూ ఉండేది గాదు. యాక్సిడెంటయిన సంగతి ఆయప్పకు అప్పుడే తెలిసిపోయినాది, ఏం ఆఫీసు సామీ అది!"

మామ నా చేతిలోని ఫోను వైపు చూశాడు. నేను గోడమీది బోర్డు చదువుతున్నట్టు నటించాను.

"మంచోడే సామీ ఆ సారు. నోరొక్కటే బాగలేదు" అన్నాడు గౌతమ్.

ఇంకెవరైనా ఆ మాట అనుంటే మామ సెక్షన్లు చదివేవాడు. ఈసారి పాలసీని మడతపెట్టి జేబులో పెట్టుకుని, నేల చూపులు చూస్తూ మెల్లగా అన్నాడు.

"ఏం సేస్తాడులేప్పా, వయసైన మనిషయింటాడు."