పెద్దమామ ఫ్లెక్సీ మీద మూడు ఇంగ్లీషు మాటలు

నోట్లో నాలుగు పెద్ద ఇంగ్లీషు మాటలు ఆడితే చాలు, మనిషి బాగుపడిపోతాడని మా ఇంట్లో అందరూ నమ్మిన కాలం ఒకటి ఉండేది. నేనూ నమ్మాను. బి.టెక్. అయిపోయి, పెద్ద కాలేజీల్లో ఎం.బి.ఎ. సీటు కోసం రాసే ఎంట్రన్సులో ఇంగ్లీషు మాటల దగ్గర బోర్లాపడి, పూతలపట్టు పక్కన మా ఊళ్ళో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాను. ఇంకోసారి రాయడానికి నాయన ఒప్పుకున్నాడు గానీ, ఈసారీ పోతే పెద్దమామ మామిడికాయల మండీలో కాటా దగ్గర కూర్చోవాలని తీర్మానమైంది. పెద్దమామ మా అమ్మకు అన్న. జీవితాంతం తోతాపురి కాయలు తూకం వేస్తూ ఆయన తిట్లు తినడం కన్నా డిక్షనరీ మింగడమే నయమనిపించింది నాకు.

తిరుపతిలో కోచింగ్ సారు ఒక సూత్రం చెప్పాడు. నేర్చుకున్న మాటను ఆ రోజే, దానికి సరిగ్గా సరిపోయే మనిషి మీద వాడాలి, అప్పుడే అది మనదవుతుంది అని. గొప్ప కోసం ఆ సంగతి ఇంట్లో చెప్పడం నా ఖర్మ. మర్నాడే నాయన నన్ను కాణిపాకం తీసుకుపోయాడు. (మా వైపు తగువు తీర్చాలన్నా, తాగుడు మాన్పించాలన్నా ముందు కాణిపాకం వినాయకుడి ఎదుట ప్రమాణం చేయిస్తారు. అక్కడ మాట తప్పినవాడు బాగుపడడని నమ్మకం. ఇంగ్లీషు మాటల కోసం ప్రమాణం చేసినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే.) "నేర్సుకున్న మాట ఆ పొద్దే తగిన మనిషితో అంటా, ఎవురైనా అర్థం అడిగితే అబద్ధం సెప్పను అని సెప్పరా," అన్నాడు నాయన. "అర్థం సంగతి ఎందుకు నాయనా?" అన్నాను. "అర్థం తెలీకుండా బట్టీ కొడతావని నాకు తెల్దా?" అన్నాడు. స్వామి వింటున్నాడు కదా, చెప్పినట్టే అన్నాను.

అక్కణ్ణుంచి మొదలయ్యాయి నా కష్టాలు. ఉదారుడనో, మితభాషి అనో మంచి అర్థం ఉన్న మాట తగిలిన రోజు, దానికి తగిన మనిషి కోసం బండేసుకుని ఊరంతా తిరిగేవాణ్ణి. పెట్రోలు అయిపోయేది గానీ మనిషి దొరికేవాడు కాదు. చెడ్డ మాటలకు ఆ ఇబ్బంది లేదు, పెద్దమామ ఉన్నాడు. పొద్దుగూకేలోపల మండీకి పోయి, చేతులు కట్టుకుని, మొహమంతా నవ్వు పులుముకుని, "మామా, యూ ఆర్ వెరీ పార్సిమోనియస్," అనేవాణ్ణి. ఇంకోరోజు ఇరాసిబుల్. మరోరోజు గారులస్. ఏడో తరగతిలో బడి మానేసిన పెద్దమామకు అర్థం అడగడం నామోషీ. నా వినయం చూసి అవన్నీ పొగడ్తలేనని తీర్మానించుకున్నాడు. లారీ డ్రైవర్లను పిలిచి, "ఇంగోసారి అనురా అల్లుడా, వీళ్ళూ ఇంటారు," అనేవాడు. ఒకనాడు ఆ మూడు మాటలకూ నా చేత స్పెల్లింగులు రాయించుకున్నాడు. ఎందుకు మామా అంటే, "నీకెందుకురా, రాయి," అన్నాడు.

ఎందుకో తర్వాతి వారం తెలిసింది. తిరుపతి బస్సులో పోతుంటే పూతలపట్టు కూడలిలో ఇంటంత ఫ్లెక్సీ. మామిడి రైతుల సంఘం అధ్యక్ష పదవికి పెద్దమామ పోటీ చేస్తున్నాడు. తెల్లచొక్కా, నల్ల కళ్ళద్దాలు, నెత్తి మీద ఎర్రటి ఇంగ్లీషు అక్షరాల్లో నా మూడు మాటలు, ఒక్క అక్షరం తప్పు లేకుండా. బస్సు దిగి నేరుగా మండీకి పరిగెత్తాను. "మామా, ఆ ఫ్లెక్సీ తీసేయి, ఎండకు రంగు పోతాది," అన్నాను. "అంత దుడ్లు పోసి ఏయించింది తీసేదానికా?" అని నా మీద లేచాడు.

ఎన్నిక రోజు రైతులంతా ఆ ఫ్లెక్సీ కిందే చేరారు. వాళ్ళలో ఒక రిటైరైన హెడ్మాస్టరు తలెత్తి చదివి, కండువా నోటికి అడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు. పెద్దమామకు మండిపోయింది. "ఏం సారూ, నవ్వుతాండారు? రాసిచ్చిన మా అల్లుడు ఈడ్నే ఉండాడు. అందురికీ అర్థం సెప్పరా!" అన్నాడు. కాణిపాకం అక్కడికి ఎంతో దూరం లేదు. పరువు పోయేది ఆయనది, తోలు ఊడేది నాది. కళ్ళు మూసుకుని, "పిసినారి, ముక్కోపి, వాగుడుకాయ," అనేశాను.

మజ్జిగ పోస్తున్న అత్త, అంటే పెద్దమామ భార్య, చెంబు పక్కన పెట్టి, "ఏం, ఒకటన్నా తప్పుండాదా?" అంది. దాంతో నవ్వులే నవ్వులు. పెద్దమామ మొహం కందగడ్డయింది. గొంతు సవరించుకుని లేచాడు. "అవునప్పా, నేను పిసినారినే. సంఘం దుడ్లు ఒక్క రూపాయి దుబారా కానీను. కోపం జాస్తి. జ్యూసు ఫ్యాక్టరీవోడు రేటు తగ్గిస్తే ఊరుకోను. నోరా, ఏ ఆఫీసరు ముందరా మూతబడదు. మీకింకెట్లాంటోడు గావాలబ్బా?" అన్నాడు. అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది ఆ హెడ్మాస్టరే. పెద్దమామ గెలిచాడు.

ఇక నా పరీక్ష. ఇంగ్లీషులో దుమ్ము దులిపాను. మాటల పిచ్చిలో లెక్కల పుస్తకం తెరవనే లేదు, లెక్కల్లో పోయింది. తల దించుకుని మండీకి పోయి కాటా దగ్గర నిలబడ్డాను. "ఆడ గాదు, ఈడ కూసో," అని పెద్దమామ తన కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేయించాడు. "మొగం మీద నిజం సెప్పినోడివి నువ్వొక్కడివే. సంఘం అర్జీలన్నీ ఇంక నువ్వే రాయాల," అన్నాడు. నిజంగానే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కాయలు చూస్తున్నట్టు బుట్టల వైపు తిరిగాను.

ఆ కుర్చీలో ఇప్పటికీ నేనే ఉన్నాను. డిక్షనరీ చంకన పెట్టుకుని మండీ నుంచి పారిపోవాలని చూసిన ఆ కుర్రాడు ఒక్కసారి కనబడితే బాగుండునని అప్పుడప్పుడూ అనిపిస్తుంది. పక్కన కూర్చోబెట్టుకుని గంటల తరబడి కబుర్లు చెబుతాను. మధ్యలో కాటా దగ్గర ఎవడైనా తూకం తప్పితే లేచిపోయి వాణ్ణి ఏడు తరాలూ తిట్టి, మళ్ళీ వచ్చి, ఆపిన చోటు నుంచే అందుకుంటాను. పాపం, అంతసేపు విన్నందుకు కాఫీ కూడా తెప్పిస్తాను. ఒకటే కాఫీ, రెండు గ్లాసుల్లో.