మా మరిది వెతికిన వాచీ

మా మరిది పోయాడు. సాయంత్రం బస్సు కాంప్లెక్సు దగ్గర టీ తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి, అలాగే పక్కకి ఒరిగిపోయాడట. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయిందన్నారు. ఫోనొచ్చినప్పుడు నేను గ్యాసు కట్టేశానో లేదో అని రెండోసారి చూడ్డానికి వంటింట్లోకి వెళుతున్నాను. ఆ కబురు వింటూ కూడా వెళ్ళి చూశాను. కట్టేసే ఉంది. అప్పుడు కూలబడిపోయాను.

అతను మా ఆయనకి తమ్ముడు. నర్సీపట్నం నుంచి కొయ్యూరు వెళ్ళే బస్సులో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. నాకు ప్రతిదానికీ భయమే. వానపడితే కొండదారిలో బస్సు ఏమైపోతుందోనని అన్నం సయించేది కాదు. అందుకని కొయ్యూరులో దిగ్గానే నాకొక మిస్డ్ కాల్ ఇచ్చేవాడు. రిటైరయ్యాక కూడా ఆ అలవాటు మానలేదు. నక్కపల్లిలో పెళ్ళికి వెళ్ళినా ముందు నాకు రింగిచ్చి, ఆ తర్వాతే భోజనాల బంతిలో కూర్చునేవాడు. "ముందు మా వదిన బెంగ దించాల" అని అందరితోనూ చెప్పేవాడట.

పాత వాచీలంటే అతనికి పిచ్చి. బ్యాటరీవి కాదు, రోజూ కీ ఇచ్చుకునేవి. ఎవరు కొనుక్కొచ్చి చూపించినా ఎండలోకి తీసుకెళ్ళి వంకలు పెట్టేవాడు. తన చేతికున్నదాన్ని చూస్తే మాత్రం నవ్వొచ్చేది. డయలు ఒకదానిది, ముళ్ళు ఇంకోదానివి, వెనకమూత మరోదానిది.

"ఏటి మరిదీ, ఊరందరి వాచీలకీ పేర్లు పెడతావు, నీదేటి ఇలాగుంది?" అంటే,

"ఇది కండక్టరు సెయ్యి వదినా. ఎవులొచ్చినా ఎక్కించుకుంటాది" అనేవాడు.

మా ఆయన పోయినప్పుడు పెద్దకర్మ రోజున ఆయన వాడిన గొడుగూ, చెప్పులూ, చేతి వాచీ దానం ఇచ్చేశాం. మాలో అలా ఇవ్వాలి. ఇచ్చాక అది ఎక్కడుందో, ఎవరు పెట్టుకున్నారో ఆరా తీయకూడదు. నేను తీయలేదు. కానీ ఆయన పొద్దున్న లేస్తూనే, మొహమైనా కడుక్కోకుండా, మంచం మీద కూర్చుని ఆ వాచీకి కీ ఇచ్చేవారు. గిర్రు గిర్రుమని ఆ చప్పుడుకే నాకు మెలకువొచ్చేది. ఒకసారి మాటల్లో మరిదితో అన్నాను, ఆ చప్పుడు లేకపోతే తెల్లారినట్టే ఉండట్లేదని. అతను మర్నాటి నుంచి కొయ్యూరు దాకా తిరిగి వెతకడం మొదలుపెట్టాడు. దానం ఇచ్చింది ఎలాగూ అడగకూడదు కనక, అచ్చం అలాంటిదే ఇంకోటి. తెల్ల డయలు, నల్ల అంకెలు, సన్నటి నీలం సెకన్ల ముల్లు.

మొదట తెచ్చింది చూసి నేను మురిసిపోయాను. కొత్తదానిలా మెరుస్తోంది.

"ఇదే తీసేసుకుందాం."

"తొందరపడకు. అరుగు మీదికి రా" అన్నాడు. ఎండకి తిప్పి చూపించాడు. "పెద్దముల్లు సూడు. నిమిషాల గీతల దాకా ఎల్లాల. ఇది ముందే ఆగిపోనాది. పొట్టిది, ఏరేదాన్నుంచి తెచ్చి తగిలించేరు."

ఇంకోసారి తెచ్చినదానికి చీకట్లో వెలిగే చుక్కలున్నాయి. డయలు మీదవి గోధుమరంగుకి తిరిగిపోయాయి, ముళ్ళ మీదవి మాత్రం చిగురాకులా ఉన్నాయి. "మొహం ముసిలిది, సేతులు పడుసువి. కలిసి పెరిగినవి కావు వదినా. అన్నీ ఒక్క ఈడువి ఉండాల" అన్నాడు. వెనక్కిచ్చేశాడు.

అలా ఎన్ని తెచ్చాడో, ఎన్ని తిప్పి పంపాడో. నాకు విసుగొచ్చింది.

"ఏదోటి కొనేయ్ మరిదీ. కీ తిరిగితే సాలు నాకు."

"అన్నయ్యది లాంటిది కావాలన్నావు. ముక్కొకడిదీ సెవులొకడివీ ఎట్టి తెస్తే, అన్నయ్యేనని ఒప్పుకుందువా?"

"మీ అన్నయ్య ముక్కు అసలే ఆయన మొహానికి కలవదు" అన్నాను. నవ్వలేక అరుగు పట్టుకున్నాడు.

ఆ రోజే ఇంకో మాటన్నాడు. "నీ అనుమానమంతా గ్యాసు మీదా, తలుపు గెడ మీదా తగలేస్తన్నావు. కొంచెం వాచీల మీద ఎట్టు." నిజంగానే పెట్టాను. ఒకదాన్లో ఏడంకె కాలు మిగతా అంకెలకన్నా లావుగా ఉందని నేనే చెప్పాను. అతను కళ్ళజోడు పైకెత్తి చూసి, "మళ్ళీ రంగేసిన డయలు. నా కంటికి తగల్లేదు సుమీ" అన్నాడు. ఆ సాయంత్రం మా తోటికోడలితో చెప్పాడట, వదిన కన్ను పడితే దొంగ వాచీ అనేది తప్పించుకోలేదని. నా భయాన్ని చూసి చిరాకు పడ్డవాళ్ళే గానీ, దానికొక పని ఇచ్చినవాడు అతనొక్కడే.

అతని పెద్దకర్మలో ఆ కలగాపులగం వాచీ కూడా దానంలో వెళ్ళిపోయింది. ఇచ్చేటప్పుడు నడుస్తూనే ఉంది. మా తోటికోడలు దాన్ని చూడలేక మొహం తిప్పుకుంది. నేను చూశాను. చూసి అనుకున్నాను, ఇతను మొదలుపెట్టిన వెతుకులాట ఇక్కడితో ఆగిపోడానికి వీల్లేదని.

మా అబ్బాయి, "ఎందుకమ్మా తిరగడం, ఫోన్లో ఆర్డరు పెడతాను, ఇంటికే వస్తాది" అన్నాడు.

"ఫోనులో ఎనకమూత తీసి సూపిస్తాడేటి?" అన్నాను.

మా మరిది ఎప్పుడూ వెళ్ళే వాచీ కొట్టొకటుంది మెయిన్ రోడ్డు పక్క సందులో. అద్దాల బీరువా ఒకటి, వెనకాల ఒక మనిషి, అంతే చోటు. దారిపొడుగునా ఆటోలకి భయపడుతూ, ఇంటి తాళం లాగి చూశానో లేదో అనుకుంటూ వెళ్ళాను.

కొట్టతను మెరిసే వాచీ ఒకటి చేతిలో పెట్టాడు. "పక్కా ఒరిజినల్ మామ్మా." నేను గుమ్మంలోకి, ఎండలోకి నడిచాను.

"ఏటి మామ్మా, కళ్ళు ఆనతన్నాయా?"

"నువ్వు ఆనతన్నావు కదా, అది సాలు."

ముందువైపు అంచుల నిండా గీతలు, వెనకమూత మాత్రం అద్దంలా ఉంది. ఒకే చేతికి తిరిగిన వాచీకి ముందొక వయసూ వెనకొక వయసూ ఎలా వస్తాయి?

"మూత తియ్యి."

"దుమ్ము పడిపోతాది."

"పడనీ."

తీశాడు. లోపల మరమేకుల తలలు, ఎన్నోసార్లు విప్పి బిగించినట్టు, చెక్కుకుపోయున్నాయి. లోపల చెక్కిన పేరొకటి, డయలు మీద పేరొకటి. కూడబలుక్కుని రెండూ పైకి చదివాను. అతను నన్ను తేరిపార చూశాడు.

"కండక్టరుగారి తాలూకా?"

"ఆడి వదినని. ఆడు పోయేడు."

మెరిసే వాచీని పక్కన పెట్టేశాడు. "తెలీదండి. ఎప్పుడొచ్చినా కొనీవోరు కాదు. తిట్టీవోరు, టీ తాగించీవోరు" అన్నాడు. అప్పటి నుంచి మామ్మా అనడం మానేసి అమ్మగారూ అన్నాడు.

బీరువా అడుగున ఒక రేకు డబ్బాలో ఇంకో వాచీ కనపడింది. "అదేటి?"

"అది నడవదమ్మగారూ. స్పేర్లకుంచేను. దాని ముళ్ళు తీసి దీనికే యేద్దారని."

చేతిలోకి తీసుకున్నాను. తెల్ల డయలు మజ్జిగ రంగుకి తిరిగింది. పెద్దముల్లు గీత దాకా వెళ్ళింది. సెకన్ల ముల్లు నీలం. ముందెన్ని గీతలో వెనకా అన్నే. అడక్కుండానే మూత తీశాడు. పేరు కలిసింది. మరలు ఎవరూ ముట్టినట్టు లేవు. కీ తిప్పి చూశాను. చప్పుడు లేదు, వేళ్ళ మధ్య ఊరికే జారిపోయింది.

"కీ చక్రానికి పళ్ళు అరిగిపోనాయండి" అన్నాడు. "ఈ మెరిసేదాన్లోంచి తీసి, కూసింత అరగదీసి యేసెస్తాను. బేగి అయిపోతాది. మీరు కూకోండి, కీ తిరిగేలాగ సేసి సేతికిస్తాను."

కూర్చున్నాను. రేపు పొద్దున్నే ఆ చప్పుడు వినొచ్చు. ఎన్నాళ్ళ నుంచో అదే కదా నా కోరిక. ఈ వయసులో ఇంకా ఆగితే వినకుండానే పోతానేమోనని భయం. అతను పట్టకారు తీశాడు కూడా.

"ఒద్దు" అన్నాను. "దాన్లోది దీనికి ఎయ్యకు. దీని ముళ్ళూ తియ్యకు. ఇది నాను తీసుకుంటన్నాను."

"నడవదని సెప్పేను కదండి."

"ఇనబడింది. దీని ఈడు చక్రం దొరికేదాకా ఆగుతాను."

"దొరక్కపోతేనో?"

"నువ్వూ ఎతుకు. నానూ ఎతుకుతాను. కొయ్యూరు బస్సు ఎక్కడం నాకూ తెలుసు."

అతను నవ్వలేదు. మూత పెట్టబోయి ఆగి, భూతద్దం నా చేతికిచ్చాడు. వంగి చూశాను. పళ్ళు అరిగిన ఆ ఒక్కటీ పోను, లోపల చక్రాలన్నీ ఒక్క పసుపురంగులో, ఒకదాని పక్కన ఒకటి ఒదిగి ఉన్నాయి. అతను పట్టకారు కొసతో అంచునున్న పెద్ద చక్రాన్ని మెల్లిగా తాకాడు. అది కదిలింది. కీ లేకుండానే, వెంట్రుకంత సన్నటి తీగ ముడుచుకుంటూ విచ్చుకుంటూ, అటూ ఇటూ ఊగింది. ఊగి ఊగి, నెమ్మదించి, ఆగింది.

"ఇంకోసారి" అన్నాను.