పరాయి పాట్రిక్‌కి నువ్వులూ నీళ్ళూ

ఈ మాట చాలా ఏళ్ళుగా నా గొంతులోనే ఉండిపోయింది. పెద్దవాళ్ళ మధ్య భోజనానికి కూర్చుని, పచ్చిమిరపకాయ కొరికి, ఉమ్మలేక మింగలేక నవ్వుతూ ఉన్నట్టు ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పడం తేలిక.

నేను మా మామగారికి తాతని వెతికిపెట్టాను. ఆ మనిషి ఆయన తాత కాడు. ఆ సంగతి నాకు తెలుసు.

నా భర్త షాన్ వాళ్ళది ఐరిష్ కుటుంబం. మేముండే క్యారీ ఊళ్ళో మా పెళ్ళి తెలుగు పద్ధతిలో జరగాలని నాకంటే వాళ్ళ నాన్న టామ్‌గారికే ఎక్కువ సరదా. పంచె కట్టుకోవడం కూడా నేర్చేసుకున్నారు. చిక్కల్లా ప్రవర దగ్గర వచ్చింది. వరుడి ముత్తాత, తాత, తండ్రి పేర్లు పంతులుగారు అందరి ముందూ చదవాలి కదా! గోత్రానికి ఆయన కాశ్యప అని సర్దేశారు. పేర్లకి ఆ సౌకర్యం లేదు. టామ్‌గారి నాన్న జాన్ అనాథాశ్రమంలో పెరిగాడు. ఆ జాన్‌ని కన్న తండ్రి ఐర్లండ్ నుంచి ఓడెక్కి వచ్చి, పెన్సిల్వేనియా బొగ్గు గనుల్లో పనిచేస్తూ చిన్న వయసులోనే పోయాడని తప్ప ఎవరికీ ఏమీ తెలియదు. "బ్లాంక్ వదిలేయడానికి ఇదేమన్నా వీసా అప్లికేషనా అమ్మా? ఎలాగైనా కనుక్కో," అన్నారు మా నాన్న.

వెతికాను. వాళ్ళ ఇంటిపేరు కెల్లీ. ఆ గనుల ఊళ్ళో కెల్లీ అంటే, గోదావరి జిల్లాలో సత్యనారాయణ అని కేకేసినట్టే. ఓడల జాబితాలు, జనాభా లెక్కలు, చర్చి పుస్తకాలు చూసీ చూసీ చివరికి వయసూ, గనీ సరిపోయిన పాట్రిక్ కెల్లీ ఒకడిని పట్టుకున్నాను. షాన్, నేను, టామ్‌గారు అంత దూరం డ్రైవ్ చేసుకుంటూ అతన్ని పూడ్చిన చర్చి శ్మశానానికి వెళ్ళాం. రాతి మీద నాచు గోకితే పేరు బయటపడింది. టామ్‌గారు తడి గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని ఏడ్చేశారు. అంత పెద్దమనిషి, తనకీ ఒక తాత ఉన్నాడని ఆ రాయికే చెప్పుకున్నారు.

అక్కడిదాకా నాది పొరపాటే. తప్పు మర్నాడు చేశాను.

ఆ చర్చిలో పాత పుస్తకాలు చూసుకునే పెద్దావిడ ఫోన్ చేసింది. ఆ పాట్రిక్‌కి అసలు పెళ్ళే కాలేదట. మీవాడు వేరే ఎవరో అయ్యుంటాడు, మళ్ళీ వెతుకుదాం రమ్మంది. థాంక్స్ చెప్పి పెట్టేశాను. మళ్ళీ ఆవిడకి చేయలేదు, ఎవరికీ చెప్పలేదు. ఆ వారంలోనే పెళ్ళి. జన్మలో పెళ్ళి చేసుకోని మనిషిని నా భర్తకి ముత్తాతని చేసి పంతులుగారు గొంతెత్తి ప్రవర చదువుతుంటే, టామ్‌గారు పంచెలో నిటారుగా కూర్చుని విన్నారు.

ఎందుకు దాచాను? పెళ్ళి ఆగిపోతుందనా? ఆగదని నాకు తెలుసు. ఆయన మనసు విరుగుతుందనా? చాలాకాలం నాకు నేను అదే చెప్పుకున్నాను. కానీ నిజం అంత గొప్పది కాదు. కోడలు అడుగు పెట్టకముందే వంశాన్ని తెచ్చిందని వాళ్ళింట్లో అందరూ నన్ను నెత్తిన పెట్టుకున్నారు, ఆ నెత్తి మీంచి దిగడం నాకిష్టం లేకపోయింది.

ఆ తర్వాత కథ నా చేతిలో లేదు. ప్రతి వేసవిలో రెండు కుటుంబాలూ ఆ సమాధి దగ్గరికి వెళ్ళడం మొదలైంది. శ్మశానం నుంచి వచ్చి స్నానం చేయకుండా పులిహోర ముట్టుకోనివ్వదు మా అమ్మ. షాన్ చెల్లెళ్ళు, వాళ్ళ మొగుళ్ళు హోటల్లో తడి జుట్టుతో పళ్ళాలు పట్టుకుని కూర్చుంటారు. మా నాన్న ఊరుకోక తర్పణం కూడా నేర్పారు. మహాలయ అమావాస్యనాడు టామ్‌గారు ముందు శిలువ గుర్తు వేసుకుని, దక్షిణానికి తిరిగి, పాట్రిక్ పేరు చెప్పి నువ్వులూ నీళ్ళూ వదులుతారు. చూస్తే నవ్వొస్తుంది, చూడలేక లోపలికి పోతాను. పిల్లాపీచూ లేనివాడికి నీళ్ళు దక్కడం పుణ్యమేగా అని సర్ది చెప్పుకునేదాన్ని.

ఈ మధ్య ఆయన కొత్త ఆలోచన చెప్పారు. ఆ సమాధికి కొత్త రాయి వేయించి, కింద మా అందరి పేర్లూ చెక్కిస్తారట. నా పేరు కూడా. ఇక దాచలేకపోయాను. మొన్న ఆదివారం ఆయన పెరట్లో టమాటా మొక్కలకి కర్రలు కడుతుంటే వెళ్ళి మొత్తం చెప్పేశాను.

"పెళ్ళికి ముందే తెలుసా?" అన్నారు.

"తెలుసు మామయ్యా."

చేతిలో తాడు ఇంకో కర్రకి చుట్టి ముడేశారు. అరుస్తారనుకున్నాను. అరిస్తే బాగుండేది.

"మరైతే మా తాతకి ఇన్నేళ్ళూ నీళ్ళెవరు వదిలారు?" అని అడిగారు.

ఆయన కర్రలు కట్టడం ముగించి, చేతులు కడుక్కుని వెళ్ళిపోయారు. ఇంకా ఫోన్ చేయలేదు. క్షమించమని నేనూ అడగలేదు, అడిగే ముఖం లేదు. ఆ చర్చి పెద్దావిడ ఇప్పుడు లేదట. అసలు తాత ఏ రాయి కింద ఉన్నాడో, రాయైనా ఉందో లేదో.

అయినా చెప్పేశాను. ఇవాళ అన్నం తిన్నాను, రుచి తెలిసింది.